వెన్నుపూస విరిగినప్పుడు కాగితమున ఏమి వ్రాయవలెను?

(సంఘ సభలో చేసిన ఉపన్యాసపాఠము)



మనలో పెక్కుమంది వర్తకులము. చిట్టాలో తప్పుగా పడిన పద్దు ఆవర్జాలో ఒప్పు కాజాలదని మనకు ఒకరు చెప్పనక్కరలేదు. ఆసుపత్రి కాగితములకును ఇదియే న్యాయము. వైద్యుడు వ్రాసిన మాట చిట్టా. దానినిబట్టి వేయు రోగపు కోడు ఆవర్జా.

ప్రపంచ ఆరోగ్య సంస్థవారి రోగముల వర్గీకరణము పదవ కూర్పు 1990లో ఆమోదింపబడినది. 2022లో పదునొకండవ కూర్పు అమలునకు వచ్చినను, మన బీమా క్లెయిము ఫారములలో ఆసుపత్రివారు పూరించు భాగమున అడుగునది పదవ కూర్పు కోడే. అందు మెడపూసలు విరిగినచో ఎస్ 12, వీపు పూసలకు ఎస్ 22.0, నడుము పూసలకు ఎస్ 32.0 అని యున్నది. మెడలో 7, వీపున 12, నడుమున 5 పూసలు గలవు. కేవలము “వెన్నుకు దెబ్బ” అని వ్రాసినచో వీనిలో ఏది వేయవలెను? ఎన్నవ పూస, నలిగి కుంగినదా, ముక్కలై చెదరినదా, పైచర్మము చీలినదా, వెన్నుపాము దెబ్బతిన్నదా అను సంగతులన్నియు వైద్యుని వ్రాతలో నుండవలెను. వెన్నుపాము దెబ్బకు వేరు కోడు గలదు.

అన్నింటికంటె ముఖ్యమైనది కారణము. లారీ ఢీకొని యువకుని పూస విరుగుట వేరు. నీళ్ల బిందె ఎత్తబోగా అవ్వ పూస కుంగుట వేరు. రెండవది ఎముకలు గుల్లబారిన వ్యాధివలన జరిగినదని వైద్యుడు నిర్ణయించినచో దాని కోడు ఎం 80. దానిని వట్టి దెబ్బగా వ్రాసినచో మూలవ్యాధి మరుగున పడును, చికిత్స జరుగదు, మరియొక పూస విరుగు భయము మిగులును.

ఇచ్చటనే మనవంటి వారికి చిక్కు. అవ్వ తెలుగున వివరముగా చెప్పును. వైద్యుడు తమిళముననో కన్నడముననో వినును. నడుమ నున్న కుర్రవాడు “పడిపోయినది” అని ఒక్క మాటతో ముగించును. బిందె మాట అక్కడనే పోవును.

కావున మేము మనవి చేయునది ఇది. చూచినవారే వెంట వెళ్లవలెను. ఎప్పుడు, ఎట్లు, ఎంత ఎత్తునుండి పడినదో, వెనుకటి జబ్బులేవో, వాడిన మందులేవో ఒక కాగితముపై వ్రాసి ఇయ్యవలెను. ఇంటికి పంపునప్పుడు ఇచ్చు సారాంశపత్రమున పూస సంఖ్యయు, కారణమును ఉన్నవో లేవో చూచుకొనవలెను. లోపమున్న వైద్యునే అడిగి దిద్దించుకొనవలెను. అంతియే గాని బీమా కొరకు లేనిది వ్రాయుమని కోరరాదు.

చెన్నై, బెంగుళూరులలో కోడింగు ఉద్యోగములు చేయు మన పిల్లలకును ఒక మాట: వైద్యుడు వ్రాయనిదానిని ఊహించి వేయవలదు, అడిగి వేయుడు. తెలియని పద్దును ఊహించి వ్రాసిన గుమాస్తాను మనమెవ్వరమును అంగడిలో నుంచుకొనము గదా!