మూటలోని సరకునకు వర్తకుడే బాధ్యుడు



మేము ఏలకుల వర్తకులము. “మూటలో నేమున్నదో యెఱుగము” అని మన బోడిలో ఏ వ్యాపారియు తప్పించుకొనజాలడు. అశ్లీల చిత్రములతో ధనమార్జించు అంతర్జాల సంస్థలు మాత్రము, బలాత్కార దృశ్యములను సైతము “ఎవరో పెట్టినారు” అనుచున్నవి.

హైదరాబాదు ‘ప్రజ్వల’ స్థాపకురాలు శ్రీమతి సునీతా కృష్ణన్ 2015లో అట్టి దృశ్యములను గూర్చి వ్రాసిన లేఖనే సుప్రీముకోర్టు వ్యాజ్యముగా స్వీకరించినది. 2020 డిసెంబరులో వీసా, మాస్టర్‌కార్డు సంస్థలు చెల్లింపులు నిలిపిన కొలది దినములకే పోర్న్‌హబ్ లక్షలాది వీడియోలను తొలగించినది. లాభమునకు దెబ్బ తగిలిననాడు గాని కన్ను తెఱవలేదు! బాధితురాలు ఫిర్యాదు చేసిన 24 గంటలలో తొలగింపవలెనని 2021లో మన దేశమున నియమము వచ్చినది.

కావున మన యాడబిడ్డల కట్టి యాపద వచ్చినచో, పరువునకు వెఱచి దాచవలదు. జాతీయ సైబరు నేరముల పోర్టలునందు ఫిర్యాదు చేయుడు. మేము తోడు వత్తుము. పరువు పోవలసినది బిడ్డకు గాదు, దొంగసరకు నమ్మినవానికి.