తాడు పట్టడం కాదు, వదలడం చూసి కొనండి: సెయిల్‌బోట్ క్లీట్లు

పోయిన సెయిలింగ్ ఎపిసోడ్ చూసి చాలామంది అడిగారు, "అన్నా, బోటు మీద అన్ని తాళ్లు ఉన్నాయి కదా, వాటిని పట్టి ఉంచే క్లీట్లలో ఏది కొనాలి?" అని. చెప్తా. ముందు నా తప్పు వినండి.

పోయిన జులైలో నేనూ నా ఫ్రెండూ హుస్సేన్ సాగర్‌లో ఇద్దరు కూర్చునే చిన్న బోటు వేసుకెళ్లాం. వానాకాలం గాలి, ఉన్నట్టుండి తోస్తుంది. పెద్ద తెరచాపను లాగి ఉంచే తాడు, అంటే మెయిన్‌షీట్, క్లీట్‌లో పడి ఉంది. గాలి ఒక్కసారి గట్టిగా తోసింది, బోటు ఒరిగింది. నేను అంచు మీద బయటికి వాలి తాడు గుంజా. ఊడలేదు. మళ్లీ గుంజా. ఊడలేదు. ఇద్దరం నీళ్లలో పడ్డాం. వాడు తెరచాప కింద ఉండిపోయాడు. లైఫ్ జాకెట్ ఉంది, చాపని చేత్తో పైకి తోసి, ఊపిరి తీసుకుని పక్కకి వచ్చాడు. కానీ వాడి తల కనబడని ఆ కొన్ని సెకన్లు నేను మర్చిపోలేను.

క్లీట్ కొత్తదే. బిగించింది మేమే. ఒడ్డు మీద, ట్రాలీ పక్కన నిలబడి టెస్ట్ చేశాం, టక్కున వదిలింది. మరి నీళ్లలో ఏమైంది?

అది కామ్ క్లీట్. పళ్లున్న రెండు దవడలు, లోపల స్ప్రింగులు. తాడు కిందికి నొక్కితే పట్టుకుంటుంది, పైకి ఎత్తితే వదులుతుంది. నిలబడినప్పుడు చెయ్యి పైన ఉంటుంది కాబట్టి వదిలింది. బయటికి వాలినప్పుడు చెయ్యి క్లీట్ కన్నా కిందికి వెళ్లింది. అక్కణ్నుంచి ఎంత గుంజినా తాడు పైకి లేవదు.

నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు డెప్లాయ్ చేసే ముందు మా లీడ్ ఒకటే అడిగేవాడు: "రోల్‌బ్యాక్ ఎలా?" ఇక్కడా అదే ప్రశ్న. తాడు మీద లోడ్ ఉండగా, ఎంత తొందరగా వదలాలి?

క్షణంలో వదలాల్సిన మెయిన్‌షీట్, జిబ్ షీట్ లాంటి వాటికి కామ్ క్లీట్. గాలి బాగా ఎగుడుదిగుడుగా ఉంటే మెయిన్‌షీట్ క్లీట్‌లో వెయ్యకండి, చేతిలోనే ఉంచండి.

ఒకసారి సెట్ చేసి వదిలేసే సన్న తాళ్లకి వి ఆకారం గాడి ఉండే క్లామ్ క్లీట్ చాలు. కదిలే భాగాలు లేవు, ధర తక్కువ. కానీ లోడ్ పెరిగేకొద్దీ తాడు గాడిలోకి దిగుతుంది, తియ్యడం కష్టమవుతుంది.

పెద్ద బోట్లలో తెరచాప ఎత్తే హాల్‌యార్డ్‌లకి లివర్ ఉండే రోప్ క్లచ్. నాలుగైదు తాళ్లకి ఒకే వించ్ సరిపోతుంది. అయితే లివర్ తెరిచే ముందు తాడుని వించ్‌కి చుట్టి బరువు దాని మీదకి తీసుకోవాలి. లేదంటే తాడు ఒక్కసారిగా పరిగెత్తి చేతులు కాలతాయి.

సైజు సంగతి. ప్రతి క్లీట్‌కీ ఇన్ని మిల్లీమీటర్ల నుంచి ఇన్ని మిల్లీమీటర్ల తాడు అని రాసి ఉంటుంది. తాడు సన్నదైతే జారుతుంది, లావైతే సరిగ్గా కూర్చోదు. పట్టు చాలట్లేదని పెద్ద క్లీట్ కొనే ముందు పుల్లీలు చూడండి. 4:1 పెడితే 40 కిలోల లోడ్ చేతికి సుమారు 10 కిలోలే, రాపిడి వల్ల కాస్త ఎక్కువ. బదులుగా మీటరుకి 4 మీటర్ల తాడు లాగాలి.

బిగించేటప్పుడు స్క్రూలతో సరిపెట్టొద్దు. డెక్ కిందికి బోల్టు దింపి, అడుగున వెడల్పాటి ప్లేట్ పెట్టి, రంధ్రానికి సీలెంట్ వెయ్యండి.

డ్రిల్ చేసే ముందు మాత్రం ఒక పని. బోటుని ఒడ్డునే పెట్టి, నిజంగా సెయిల్ చేసేటప్పుడు ఎక్కడ కూర్చుంటారో అక్కడ కూర్చోండి, బయటికి వాలండి. ఫ్రెండుని క్లీట్ అక్కడ పట్టుకోమని, తాడు అవతలి కొస ఇంకొకరితో గట్టిగా లాగించండి. ఒక్క చేత్తో వదిలించగలిగితేనే ఆ చోటు ఓకే. మేం క్లీట్‌ని కిందికి వంచాక ఇప్పుడు మణికట్టు కొంచెం లేపితే చాలు, వదులుతుంది.

ఇంకోటి, బోటు బోల్తా పడితే లేపే ముందు మెయిన్‌షీట్ క్లీట్‌లోంచి తీసెయ్యండి. లేదంటే లేచిన చాపకి గాలి తగిలి మళ్లీ పడుతుంది. ఆ రోజు మాకు అదీ జరిగింది.

లైఫ్ జాకెట్ లేకుండా నీళ్లలోకి వెళ్లొద్దు. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై.