షోయబుల్లాఖాన్ సంస్మరణము
(ఆగస్టు 22వ తేదీన పఠనమందిరమున చేసిన ప్రసంగము)



పత్రికావృత్తియందు మనకు సోదరుడై, ఇరువదియెనిమిదేండ్లు నిండకమున్నే 1948వ సంవత్సరము ఆగస్టు 22వ తేదీన హైదరాబాదునందు హతుడైన షోయబుల్లాఖాన్ గారిని స్మరించుటకు నేడిచ్చట కూడితిమి. మేమాయనను కన్నులార చూచినవారము కాము. అయినను ప్రతివారమును ఈ పత్రికకు వ్రాయ కూర్చుండునప్పుడు ఆయన మా ప్రక్కనే యున్నట్లు తోచును. ఒక వృత్తిలోని వారికి కాలము అడ్డుగోడ కాదు.

ఆయన 1920లో ఓరుగల్లు ప్రాంతమున జన్మించి, ఉస్మానియా విశ్వవిద్యాలయమున పట్టము పొందెను. అట్టి విద్యావంతుడగు ముస్లిం యువకునికి నైజాము కొలువు దుర్లభము కాదు. ఆయన ఆ వాకిటికి పోక పత్రికాకార్యాలయపు మెట్లెక్కెను. మందుముల నరసింగరావుగారి 'రయ్యత్' ఉర్దూ పత్రికలో పనిచేసెను. ప్రభుత్వము దానిని నిలిపివేయగా, బూర్గుల రామకృష్ణారావుగారి వంటి పెద్దల ప్రోత్సాహముతో 1947 నవంబరులో 'ఇమ్రోజ్' దినపత్రికను స్థాపించెను. ఇమ్రోజ్ అనగా 'నేడు' అని యర్థము.

ఆ దినములెట్టివో జ్ఞప్తికి దెచ్చుకొనుడు. 1947 ఆగస్టు 15న దేశమునకు స్వాతంత్ర్యము వచ్చినను హైదరాబాదు సంస్థానము ఇండియా యూనియనులో చేరలేదు. నవంబరు 29న యథాతథపు ఒడంబడిక జరిగెను. పల్లెలలో రజాకారుల దౌర్జన్యము మాత్రము ఆగలేదు. బాధ్యతాయుత ప్రభుత్వము కావలెననియు, యూనియనులో చేరుటయే ప్రజలకు క్షేమమనియు ఇమ్రోజ్ వ్రాసెను.

ఈ మాటలను అంతకుముందు పలువురు వ్రాసియుండిరి. షోయబుల్లాఖాన్ గారి విశేషమేమన, వానిని ఉర్దూలో వ్రాయుట. అది ఆనాటి సర్కారు భాష. కచ్చేరీలలోను పోలీసు ఠాణాలలోను చెల్లుబడియైన భాష. ఒప్పుకొన్నవారి యెదుట సత్యము పలుకుట సులభము. ఒప్పుకొననివారి వాకిట నిలిచి, వారి భాషలోనే, వారి బంధువుగా పలుకుట కష్టము. న్యాయవాదులమైన మేము ప్రతిపక్షమునకు నచ్చని మాట నిత్యము పలుకుదుము. కాని మాకు న్యాయస్థానపు రక్ష కలదు. ఆయనకు ఏ రక్షయు లేకుండెను. బెదరింపులు వచ్చినవి. కొంత మెత్తగా వ్రాసియున్న నెవరును తప్పుపట్టకుందురు. ఆయన మెత్తబడలేదు.

ఆగస్టు 21వ తేదీ రాత్రి కార్యాలయమున పని ముగించుకొని, బావమరది ఇస్మాయిల్‌ఖాన్‌తో కాచిగూడ వైపు ఇంటికి పోవుచుండగా దుండగులు కాల్చి, చేయి నరికిరి. అడ్డుపడిన బావమరది చేయియు తెగెను. వ్రాయు చేతిని నరికినచో వ్రాత ఆగునని వారి తలంపు. తెల్లవారకముందే ఆయన ప్రాణములు విడిచెను. ఇమ్రోజ్ బ్రతికినది తొమ్మిది మాసములు మాత్రమే. తరువాత ఇరువదియారు దినములకు, సెప్టెంబరు 17న, నైజాము సేనలు లొంగిపోయెను. ఆ వార్తను అచ్చువేయుటకు ఆయన లేకపోయెను.

సోదరులారా! ఆయనను తన మతమువారికి ఎదురు తిరిగిన వీరునిగా పొగడువారు కలరు. ఈ పొగడ్తలో ఆయనకు అన్యాయము జరుగుచున్నది. సంస్థానప్రజలందరితోపాటు తనవారి మేలును కోరియే ఆయన వ్రాసెనని మా విశ్వాసము. మరియొక మాటయు చెప్పవలసియున్నది. 1948 సెప్టెంబరు తరువాత కొన్ని జిల్లాలలో నిరపరాధులగు ముస్లిములు హింసకు గురియైరి. పండిత సుందరలాల్ గారి సంఘము దానిని విచారించి నివేదిక యిచ్చినను, అది దశాబ్దముల పాటు ప్రకటింపబడలేదు. రజాకారుల దౌర్జన్యమును నిర్భయముగా ఖండించిన ఆ గొంతు అప్పుడుండినచో, ఈ దౌర్జన్యమును ఖండించుటకు దానికంటె అర్హమైన గొంతు వేరొకటి యుండెడిది కాదు. ఆయన మరణమున మనము కోల్పోయినది ఇది.

కావున చిత్రపటమునకు పూలమాల వేసి ఇండ్లకు పోయినంతమాత్రమున ఆయన ఋణము తీరదు. ఈ పఠనమందిరమున మనకు నచ్చని పత్రికకును చోటుండవలెను. కలము పట్టిన మేము పరుల తప్పును వ్రాసినంత ధైర్యముగా మనవారి తప్పును వ్రాయవలెను. మేమట్లు వ్రాసిన నాడు మీరు కోపగించుకొనినను చందా మానకుడు. షోయబుల్లాఖాన్ గారి పేర మేము మిమ్ము అడుగునది ఇంతియే.