కారుకి లప్పం

మన ఊళ్ళలో టింకరింగ్ షెడ్డు ముందు ఒక కుర్రాడు రోజంతా కారు తలుపుని సాండ్ పేపరుతో రుద్దుతూ కనిపిస్తాడు, గుర్తుందా? ఆ తలుపు మీద పూసి ఉండే ముద్దనే మనవాళ్ళు లప్పం అంటారు. ఇక్కడ బాడీ ఫిల్లర్. చాలామంది బాండో అని ఒక బ్రాండు పేరుతోనే పిలుస్తారు, మనం వనస్పతిని డాల్డా అన్నట్టు.

ఈ కబురు ఎందుకంటే, మిషిగన్‌లో ఉన్న మనకి చలికాలం పోగానే రెండు పనులు మీద పడతాయి. రోడ్ల మీద చల్లిన ఉప్పుకి తుప్పు పట్టిన కారు బాగుచేసుకోవడం, కొత్తగా చదువుకి వచ్చిన పిల్లలకి పాత కారు చూసిపెట్టడం. (డిట్రాయిట్ నగరం కిందే వెయ్యి అడుగులకి పైగా లోతున ఉప్పు గని ఉంది. ఇక చల్లడానికి కరువేముంది!)

లప్పం అంటే పాలిస్టర్ రెజిన్‌లో టాల్కం పొడి కలిపిన ముద్ద. హార్డెనర్ కలిపితే గట్టిపడుతుంది. దీనికి ముందు కరిగించిన సీసం వాడేవారు. సీసం నీరు పీల్చదు, లప్పం పీలుస్తుంది. అందుకే తుప్పు మీద లప్పం పెట్టకూడదు, కన్నం పడిన చోట అసలే కూడదు. వెనకనుంచి తేమ చేరి, ఒకటి రెండు చలికాలాల్లో రంగు బుడగలు లేస్తుంది. కుళ్ళిన రేకు కోసేసి కొత్తది వెల్డింగ్ చేయాల్సిందే.

ఉత్త సొట్ట అయితే మనమే చేసుకోవచ్చు. ముందు రేకుని వీలైనంత సరిచేయాలి. లప్పం మందం పావు అంగుళం దాటకూడదు. రంగు పూర్తిగా తీసేసి 80 నంబరు పేపరుతో రేకుని గరుకు చేయాలి. హార్డెనర్ బరువులో సుమారు 2 శాతం చాలు. త్వరగా ఆరుతుందని ఎక్కువ వేస్తే తర్వాత పైరంగులో మరకలు తేలతాయి. మజ్జిగ చిలికినట్టు చిలక్కండి, గాలి చేరి సూదిబెజ్జాలు పడతాయి. నాలుగైదు నిమిషాల్లో బిగుసుకుంటుంది కనక కాస్త కాస్తే కలుపుకోండి. ఆరాక తడపకుండా, మాస్క్ పెట్టుకుని రుద్దండి. ప్రైమర్ కొట్టి నెలల తరబడి వదిలేయకండి, అదీ తేమ పీలుస్తుంది.

ఇక పాత కారు సంగతి. ఆ మధ్య ఒక విద్యార్థితో కారు చూడటానికి వెళ్ళాను. రంగు అద్దంలా ఉంది. తలుపుల కింద పొడుగ్గా ఉండే రాకర్ పానెల్ మీద ఫ్రిజ్ మాగ్నెట్ పెడితే నిలవకుండా జారిపోయింది. వంగి కిందనుంచి చూస్తే ఇనప జాలీ, దాని మీద లప్పం! పక్కనుంచి ఎవరైనా గుద్దితే కాసుకోవాల్సిన చోటది. అమ్మే ఆయన "కొంచెం టచప్ చేయించాం" అన్నాడు. ఆ అబ్బాయికి అప్పటికే కారు నచ్చేసింది, బయటికి లాక్కురావడం నా వంతయింది.

మాగ్నెట్ పరీక్ష అన్నిచోట్లా పనిచేయదండోయ్. బంపర్లు ప్లాస్టిక్. 2015 మోడల్ నుంచి ఫోర్డ్ ఎఫ్-150 బాడీ అల్యూమినియం. తలుపు మీద ఒకచోట పట్టు తగ్గితే కంగారు పడక్కర్లేదు, పాత సొట్ట పూడ్చి ఉంటారు, ధర తగ్గించమని అడగండి. రాకర్ పానెల్ దగ్గరైతే మాత్రం బేరం కూడా ఆడకండి. మాగ్నెట్‌కి పల్చటి గుడ్డ చుట్టుకోండి, వాళ్ళ రంగు గీసుకుపోకుండా. ఉంటానండి.