తెలియనివాళ్ళ కోసం కన్నీరు



పోయిన ఏడాది ఆగస్టులో ఒకనాటి సాయంత్రం మా అమ్మాయి బడినుంచి వస్తూనే పుస్తకాల సంచీ ఓ మూల పడేసి, ముఖం ముడుచుకుని కూర్చుంది. తొమ్మిదో తరగతి చదువుతోంది. "ఏమయిందే?" అంటే ఎంతకీ చెప్పదు. చివరికి పాలు తాగుతూ తాగుతూ బయటపెట్టింది. ఆవేళ హిరోషిమా దినమని పిల్లలందరినీ వరసల్లో నిలబెట్టి రెండు నిమిషాలు మౌనం పాటించమన్నారట. మధ్యలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు ఒకళ్ళనుంచి ఒకళ్ళకి అంటుకుంది. మా పిల్లా నవ్వింది. "అంతమంది చచ్చిపోయారంటే నవ్వొస్తోందా మీకు? మనసులున్నాయా అసలు?" అని టీచరుగారు గట్టిగా కోప్పడ్డారట.

"నవ్వడం తప్పేననుకో. కాని అమ్మా, వాళ్ళెవరో నాకు తెలియదు. తెలియనివాళ్ళ కోసం ఏడుపు రమ్మంటే ఎలా వస్తుంది?" అంది.

నాకు వెంటనే జవాబు తోచలేదు. ఈ కాలం పిల్లలకి ఏదీ పట్టదని మనం రోజుకి నాలుగుసార్లయినా అనుకుంటాం. కాని పిల్ల అడిగినదాంట్లో న్యాయం వుందనిపించింది. సరే, ఆ దుఃఖం కలిగిన ఊళ్ళోనే, ఆ హిరోషిమాలోనే, తరవాత పుట్టిన పిల్లలు దాన్ని ఎలా తలుచుకుంటున్నారో చూద్దామని దొరికినవన్నీ చదివాను. చదివినకొద్దీ మా అమ్మాయి ప్రశ్నకి జవాబు అక్కడే వుందనిపించింది. ఆ నాలుగు ముక్కలూ మీతో చెప్పుకుంటాను.

1945 ఆగస్టు 6, సోమవారం. ఉదయం ఎనిమిదింబావు. జపానులోని హిరోషిమా నగరంమీద అమెరికా విమానం అణుబాంబు వేసింది. ఆ ఏడాది ఆఖరులోపల చనిపోయినవారు సుమారు 1 లక్షా 40 వేలమందని ఆ నగరంవారి లెక్క. మూడు రోజుల తరవాత, ఆగస్టు 9న, నాగసాకిమీద రెండో బాంబు పడింది.

లక్షా నలభైవేలు! ఈ అంకె విని మీ గుండె కలుక్కుమన్నదా? నిజం చెప్పాలంటే నాకు అనలేదు. అంకెకి ముఖం వుండదు కదండీ. నన్ను కదిలించింది మరొకటి.

ఆ ఊళ్ళో శాంతి స్మారక ప్రదర్శనశాల వుంది. అందులో అన్నం డబ్బా ఒకటి భద్రపరిచారు. మన పిల్లలు బడికి పట్టుకెళ్ళే టిఫిన్ బాక్సులాంటిదే. ఆ రోజుల్లో వైమానిక దాడులు జరిగితే మంటలు ఇంటినుంచి ఇంటికి పాకకుండా, నగరం నడిబొడ్డున ఇళ్ళు పడగొట్టి ఖాళీ చేసేవారు. ఆ పనికి హైస్కూలు పిల్లల్ని పిలిచారు. పన్నెండు, పదమూడేళ్ళవాళ్ళు! ఆ పొద్దున వేలాది పిల్లలు పనిలోకి దిగారు. వారిలో సుమారు 6 వేలమంది తిరిగి రాలేదు. అలా వెళ్ళిన ఒక పిల్లవాడి తల్లి వాణ్ణి వెతుక్కుంటూ వెళ్ళింది. శవాన్ని గుర్తుపట్టింది ఆ డబ్బానిబట్టే. వాడు మూత కూడా తియ్యలేదు. లోపల బార్లీ, సోయా చిక్కుళ్ళు కలిపిన అన్నం, బంగాళాదుంప కూర. అన్నీ నల్లటి బొగ్గయిపోయాయి.

పొద్దున్నే లేచి డబ్బాలు కట్టే మనకి ఇక వేరే వివరం అక్కరలేదు.

అయితే ఆ ఊరి పెద్దలు తమ దుఃఖాన్ని పిల్లలకి వెంటనే చెప్పారా అంటే, లేదు. జపాను అమెరికా సైన్యం అధీనంలో వున్న రోజుల్లో బాంబు సంగతులు రాయడానికి ఆంక్షలుండేవి. దానికి తోడు బతికినవాళ్ళకి మరో భయం. బాంబుకి గురైన పిల్ల అని తెలిస్తే పెళ్ళి కాదు. రేపు పుట్టే బిడ్డలు ఎలా వుంటారోనని వియ్యాలవారు వెనకాడతారు. ఉద్యోగం ఇచ్చేవాళ్ళూ ఆలోచిస్తారు. అందుకని ఎంతోమంది తల్లులు నోరు కుట్టేసుకున్నారు. సొంత బిడ్డలకే చెప్పకుండా ఏళ్ళూ పూళ్ళూ గడిపినవాళ్ళున్నారు. ఆడపిల్ల పెళ్ళికి అడ్డమవుతుందని ఇంటి సంగతి దాచడం మనకి తెలియనిదేం కాదు కదా!

అలాంటి మౌనాన్ని కదిపినవాళ్ళలో పిల్లలున్నారు. సడాకో ససాకి కథ మీలో చాలామంది వినే వుంటారు. బాంబు పడ్డనాటికి ఆమెకి రెండేళ్ళు. ఒంటిమీద దెబ్బయినా తగల్లేదు. చలాకీగా పెరిగింది. పరుగుపందేల్లో ఆమె వుంటే తరగతికంతా ధైర్యం. 1955 ఫిబ్రవరిలో రక్తపు క్యాన్సరని తేలింది. ఆసుపత్రిలో చేర్చారు. కాగితంతో వెయ్యి కొంగలు మడిస్తే కోరిక తీరుతుందని జపానులో నమ్మకం. ఆ పిల్ల మందు పొట్లాల కాగితాలు సైతం దాచుకుని కొంగలు మడిచింది. వెయ్యి పూర్తికాకుండానే పోయిందని కథల పుస్తకాల్లో రాశారు గాని, వెయ్యి దాటించిందనే ఆమె ఇంటివాళ్ళు చెప్పారు. వెయ్యీ పూర్తయ్యాయి. కోరిక మాత్రం తీరలేదు. అక్టోబరు 25న కన్నుమూసింది. పన్నెండేళ్ళ పిల్ల.

ఆ తరవాత జరిగినదే మనం గమనించవలసింది. ఆమెతో చదువుకున్న పిల్లలు మొదట్లో వంతులు వేసుకుని ఆసుపత్రికి వెళ్ళేవారు. పెద్ద బళ్ళలో చేరాక కొత్త చదువులు, కొత్త స్నేహాలు. రాకపోకలు తగ్గాయి. ఇంతలో కబురు వచ్చింది. వెళ్ళి చూడకపోతిమే అన్న బాధ వాళ్ళని తినేసింది. ఆ బాధతో వాళ్ళు ఊరుకోలేదు. సడాకోకీ, బాంబువల్ల పోయిన పిల్లలందరికీ ఒక స్మారకం కట్టాలని తీర్మానించుకున్నారు. ఆ నవంబరులోనే హిరోషిమాలో దేశంలోని ప్రధానోపాధ్యాయుల మహాసభ జరిగితే, ఈ పిల్లలు వెళ్ళి కరపత్రాలు పంచారు. జపానంతటా 3 వేలకు పైగా బళ్ళు చందాలు పంపాయి. పై దేశాలనుంచీ వచ్చాయి. 1958 మే 5న, జపానువారి బాలల దినోత్సవంనాడు, ఆ స్మారకం వెలిసింది. తొమ్మిది మీటర్ల ఎత్తు. శిఖరాన రెండు చేతులూ పైకెత్తి కాగితపు కొంగని పట్టుకున్న పిల్ల విగ్రహం. లోపల గంటని నోబెల్ బహుమతి పొందిన శాస్త్రవేత్త హిడెకి యుకావా ఇచ్చారు.

చూశారా! వాళ్ళ మధ్య ఆడుకున్న ఒక్క పిల్ల వాళ్ళకి దారి చూపించింది. ఆ ఒక్కతెకోసం మొదలెట్టి, ముఖం తెలియని వేలమందికోసం ఏడవగలిగారు.

ఇప్పుడు ఏటా సుమారు కోటి కాగితపు కొంగలు ఆ స్మారకానికి వస్తాయి. ఎక్కువగా బడిపిల్లలు మడిచినవే. తూకం వేస్తే పది టన్నులట! నవ్వుతూ, కబుర్లాడుకుంటూ మడిచేవాళ్ళూ వుంటారు. వుండనివ్వండి. మన పేరంటాళ్ళు పాటలు పాడుకుంటూ, హాస్యాలాడుకుంటూ పూలు కట్టరూ? చేతికి పని వుంటే మనసు మెల్లిగా దారికి వస్తుంది.

అంతా సవ్యంగానే జరిగిందని చెప్పను. 2003 ఆగస్టులో ఒక కాలేజీ కుర్రవాడు ఉద్యోగం దొరకలేదన్న ఉక్రోషంతో ఆ కొంగలకి నిప్పు పెట్టాడు. లక్షకు పైగా కాలిపోయాయి. పెద్దవాళ్ళు "చూశారా, యువతరం ఇలా తయారయింది!" అని ఎన్ని మాటలన్నా పడవలసిందే. కాని అతనితో చదువుకునే పిల్లలే కూర్చుని మళ్ళీ కొంగలు మడిచి తీసుకువచ్చి సమర్పించారు. తప్పు చేసిందీ కుర్రవాడే, దిద్దుకున్నదీ కుర్రవాళ్ళే.

అక్కడే మోటోమాచి అని ఒక హైస్కూలుంది. 2007నుంచి ఆ బడిలో చిత్రకళ నేర్చుకునే పిల్లలు ఒక పని చేస్తున్నారు. బాంబునాటి సంగతులు కళ్ళారా చూసిన ఒక వృద్ధుడితోనో, వృద్ధురాలితోనో ఒక్కొక్కరు జతగా కూర్చుంటారు. ఆ పెద్దలు మరిచిపోలేని ఒక దృశ్యం చెపుతారు. పిల్లలు దాన్ని రంగుల్లో వేస్తారు. వేసి చూపిస్తే, "కాదమ్మా, ఆకాశం ఇలా లేదు, ఆమె చెయ్యి ఇటు వుంది" అంటారు. పిల్లలు చెరిపి మళ్ళీ వేస్తారు. ఒక్క బొమ్మకి నెలల తరబడి పడుతుంది. అన్నేసి నెలలు ఒక ముసలమ్మ కన్నీటి పక్కన కూర్చున్న పిల్లకి, దుఃఖం ఎలా తెచ్చుకోవాలో వేరే పాఠం చెప్పనక్కరలేదు. ఇంట్లో కొడుకులకి, కోడళ్ళకి చెప్పుకోలేనిది ఆ పెద్దలు ఈ పరాయి పిల్లలకి చెప్పుకున్నారంటే ఆశ్చర్యం లేదు. ఓపిగ్గా వినేవాళ్ళు దొరికారు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. దుఃఖానికి గోడలు కడితే అది అభిమానంగా మిగులుతుంది గాని, జాలిగా పండదు. యుద్ధంలో జపాను తన ఇరుగుపొరుగు దేశాలకి చేసిన అన్యాయం తక్కువది కాదు. హిరోషిమాలో చనిపోయినవారిలో కొరియావాళ్ళు వేలమంది వున్నారు. ఆ దేశం అప్పుడు జపాను పాలనలో వుండేది. కూలికనీ, నిర్బంధంగానూ వచ్చినవాళ్ళు ఎందరో. వాళ్ళకోసం 1970లో కట్టిన స్మారకం శాంతివనం బయటే వుండిపోయింది. 1999లోగాని లోపలికి రాలేదు. అంటే చచ్చిపోయాక కూడా గుమ్మం బయట ఇరవైతొమ్మిదేళ్ళు! ఇప్పుడు అక్కడికి విహారయాత్రలకి వచ్చే బడిపిల్లలు ఆ స్మారకాన్ని కూడా చూస్తారు. మనవాళ్ళకోసమే కాదు, మనవల్ల బాధపడ్డవాళ్ళకోసం కూడా ఏడవాలని అది వాళ్ళకి చెప్పకనే చెపుతుంది.

ఈ కథలో మన దేశానికీ చోటుంది. 1957 అక్టోబరులో నెహ్రూగారు హిరోషిమా వెళ్ళి వచ్చారు. ఆ తరవాత 1998 మే నెలలో మన దేశమూ, పాకిస్తానూ అణుపరీక్షలు జరిపాయి. ఆ పరీక్షల మంచిచెడ్డలు చర్చించే చోటు కాదిది. కాని ఆ వార్త విని నాగసాకివాళ్ళు కలవరపడ్డారు. ఆ ఏడే తమ హైస్కూలు విద్యార్థుల్ని శాంతి దూతలుగా ఐక్యరాజ్యసమితికి పంపారు. 2001నుంచి పిల్లలే వీధుల్లో నిలబడి సంతకాలు సేకరించి జెనీవాలోని ఐక్యరాజ్యసమితి కార్యాలయానికి అందజేస్తూ వచ్చారు. తమ ఊరి దుఃఖం తలుచుకుంటూ మన పిల్లల క్షేమంకోసం కూడా ఆరాటపడ్డారన్నమాట.

అక్కడివారికి తొందర ఎందుకంటే కాలం ఆగదు. బాంబు బాధితులుగా నమోదై బతికివున్నవాళ్ళు 2025 మార్చినాటికి లక్షలోపుకి తగ్గారు. వారి సగటు వయసు 86 ఏళ్ళు. అలాంటివారు 1956లో పెట్టుకున్న సంఘానికి 2024లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. బహుమతి వచ్చిందని సంతోషమే. కాని దాన్ని కళ్ళారా చూడకుండా వెళ్ళిపోయినవాళ్ళే ఎక్కువమంది. ఇక మిగిలిన కొద్దిమంది నోటిమాటని అందుకునేది ఇప్పటి పిల్లలే.

మరి మన సంగతి? మన ఇళ్ళలో కూడా చెప్పకుండా దాచిన దుఃఖాలు లేవూ? 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. వేలమంది పోయారు. అప్పటికి పదేళ్ళ పిల్లలైనవాళ్ళు ఇప్పుడు అరవైకి దగ్గరపడ్డారు. ఆ రాత్రి చెట్టు పట్టుకుని బతికినవాళ్ళు, బిడ్డ చెయ్యి జారిపోయినవాళ్ళు మన చుట్టాల్లో, ఇరుగుపొరుగుల్లో వుండే వుంటారు. వాళ్ళు నోరు విప్పబోతే "పోనీలెద్దూ పిన్నిగారూ, పిల్లలు జడుసుకుంటారు" అని మాట మార్చేస్తాం. తీరా పిల్లలు పెద్దవాళ్ళయ్యాక, "వీళ్ళకి ఏ దుఃఖమూ పట్టదు" అని మనమే అంటాం. చెప్పనిది ఎలా పడుతుంది చెప్పండి?

అలాగని భోజనాల వేళ పిల్లల ముందు ఘోరాలన్నీ ఏకరువు పెట్టమని కాదు నా ఉద్దేశం. వయసునిబట్టి, వాళ్ళు అడిగినంతమేర చెపుదాం. అంకెలు తరవాత. ముందు ఒక్క మనిషి పేరు, ఒక్క వస్తువు, ఒక్క మాట. విన్నాక వాళ్ళ చేతికి ఒక చిన్న పని. తాతగారు చెప్పినది నోటుబుక్కులో రాయమనవచ్చు. పాతఫోటో వెనక పేర్లు రాయించవచ్చు. కాగితంతో ఒక కొంగైనా మడవనివ్వవచ్చు. కన్నీళ్ళు వచ్చాయా లేదా అని ముఖంకేసి చూడొద్దు. అవి రావలసినప్పుడే వస్తాయి.

మా అమ్మాయికి మూడోరోజు రాత్రి ఆ అన్నం డబ్బా కథ చెప్పాను. ఏమీ అనలేదు. చాపమీద అటు తిరిగి పడుకుంది. నిద్రపోయిందనే అనుకున్నాను. చాలాసేపటికి, "అమ్మా, ఆ అబ్బాయికి బంగాళాదుంపల కూర ఇష్టమేమో కదూ?" అంది. గొంతు జీరబోయి వుంది.

మర్నాడు బడికి వెళుతూ, రోజూ మరిచిపోయే డబ్బాని నేను చెప్పకుండానే సంచీలో పెట్టుకుంది. మళ్ళీ ఏడు మౌనం పాటించమన్నప్పుడు నవ్వుతుందో నవ్వదో నేను చెప్పలేను. కాని ఆ రెండు నిమిషాల్లో తలుచుకోడానికి ఇప్పుడు ఆమెకొక పిల్లవాడున్నాడు.