దారి రాసుకోని పంపకం

(కంకిపాడులో రైతులు, వర్తకులు, ఉద్యోగులు, విద్యార్థులు పాల్గొన్న సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన పల్లెల్లో అన్నదమ్ములు వేరుపడితే పెద్దమనుషులు ఏం చేస్తారో మీకు తెలియంది కాదు. ఇల్లు ఎవరిది, గొడ్లు ఎవరివి, అప్పు ఎవరు తీర్చాలి అని పంచుతారు. అంతటితో ఊరుకోరు. లోపలి చెక్క తమ్ముడికొస్తే, అన్న చేలోంచి అతని బండి పోవడానికి ఎంత దారి వదలాలో, బోదె నీళ్లు ఏ గట్టు పక్కన పారాలో కూడా దస్తావేజులో రాయిస్తారు. ఆ రెండు వాక్యాలు రాయని పంపకం చివరికి కోర్టు మెట్లెక్కుతుంది.

2014లో మన రాష్ట్రాన్ని పంచిన చట్టంలో 108 సెక్షన్లు, 13 షెడ్యూళ్లు ఉన్నాయి. రాజధాని పదేళ్లు ఉమ్మడి అన్నారు. నదులకు బోర్డులు పెట్టారు. అప్పులు పంచారు, పింఛన్లు పంచారు, ఉద్యోగులను పంచే పద్ధతి రాశారు. మరి ఈ కంకిపాడు నుంచి లారీడు బియ్యం హైదరాబాదు పోవాలంటే జూన్ 2 తెల్లవారి ఏ కాగితం మీద పోవాలి? పాత రవాణా పర్మిట్లు కొన్ని తాత్కాలికంగా చెల్లుతాయన్న ఒక ఏర్పాటు తప్ప, సరుకు మీద బతికేవాడికి అందులో చెప్పుకోదగ్గ మాట లేదు. ఇవాళ మనం మాట్లాడుకోబోయేది ఆ రాయని రెండు వాక్యాల గురించే.

ఈ ఊరిని ఆనుకుని పోయే రోడ్డునే చూడండి. పూణేలో మొదలై హైదరాబాదు, బెజవాడ మీదుగా వచ్చి బందరులో సముద్రం దగ్గర ఆగుతుంది. డెల్టా బతుకంతా ఇలా దారి మీది బతుకు. పండించేది మనం, అమ్మేది బయట. పడమట ఒక పెద్ద బజారు, హైదరాబాదు. దక్షిణాన మరో పెద్ద బజారు, మద్రాసు. ఈ రెంటి మధ్య మనం. ఒకసారి ఆ బజారు నుంచి, ఒకసారి ఈ బజారు నుంచి వేరుపడ్డాం. రెండుసార్లూ బజారు గీతకు అవతలే మిగిలింది.

నిజాం కాలానికి వెళితే ఈ సంగతి ఇంకా తేటగా కనిపిస్తుంది. 1802లో కుంపినీవారు, నిజాం ప్రభువు ఒక వర్తక ఒడంబడిక చేసుకున్నారు. నిజాముకు బందరు రేవు వాడుకునే హక్కు ఇచ్చారు, దిగుమతి సరుకు మీద సుంకం నూటికి ఐదన్నారు. అది తెల్లదొరల లాభానికి జరిగిందే, సందేహం లేదు. కానీ రాసుకున్నారు. ఏ రేవు, ఎంత సుంకం అన్నది కాగితం మీద పెట్టారు. ఆ తరువాత తరాల తరబడి నైజాం సరిహద్దులో కరోడ్‌గిరి నాకాలు నడిచాయి. ఇటు కంపెనీ రూపాయి, అటు హాలీ సిక్కా. ఇప్పటి సూర్యాపేట జిల్లా మునగాల అప్పట్లో మన కృష్ణా జిల్లాది. చుట్టూ నైజాం, నడుమ ఒక పరగణా. అక్కడి వాడికి ఏ పక్కకు కదిలినా పరాయి గడప తొక్కినట్టే.

ఇక మద్రాసు. బెజవాడ కాలువలను బకింగ్‌హామ్ కాలువ మద్రాసుతో కలిపింది. డెల్టా సరుకు పడవల మీద అక్కడికి పోయిన రోజులున్నాయి. 1953 అక్టోబరు 1న మద్రాసు నుంచి విడిపోయాం. నగరం ఎవరిదన్న గొడవే ఆనాడు అందరి నోటా నానింది. మరి బియ్యం సంగతి? 1957లో కేంద్రం ఆంధ్ర, మద్రాసు, మైసూరు, కేరళలను కలిపి దక్షిణ బియ్యం మండలం చేసింది. అప్పుడు సరుకు కదిలింది. 1964లో ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే మండలం అన్నారు. అప్పుడు ఆగింది. రెండు నిర్ణయాలూ ఢిల్లీవే. పొలం ఇక్కడ, తినేవాడు అక్కడ, తాళంచెవి మాత్రం మూడోవాడి దగ్గర.

2014 తరువాత ఏం జరిగిందో కొంచెం నెమ్మదిగా చూద్దాం. విద్యార్థి మిత్రులు ఇది రాసుకుంటే మంచిది, పరీక్షలో రాకపోయినా బతుకులో వస్తుంది.

ఆటోనగర్‌లో ఒక విడిభాగాల వర్తకుడు హైదరాబాదుకు లక్ష రూపాయల సరుకు పంపాడనుకుందాం. 2014 జూన్ 1న అది రాష్ట్రం లోపలి అమ్మకం. నూటికి పద్నాలుగున్నర వ్యాట్ వేసినా, అక్కడ కొన్న వ్యాపారి తాను కట్టాల్సిన పన్నులో దాన్ని మినహాయించుకునేవాడు. మర్నాడు అదే సరుకు, అదే లారీ, అదే కొనేవాడు, కానీ అది అంతర్రాష్ట్ర అమ్మకమైంది. కేంద్ర అమ్మకపు పన్ను నూటికి రెండు. చూడటానికి తక్కువే. కాని ఆ రెండు వేలు కొన్నవాడికి తిరిగి రావు. టోకు వ్యాపారంలో లాభమే నూటికి రెండో మూడో ఉండే చోట ఆ రెండు శాతమే ప్రాణం. పైగా అది రెండు శాతంగా ఉండాలంటే అవతలివాడు సి-ఫారం పంపాలి. పంపకపోతే? లెక్క మళ్లీ పద్నాలుగున్నరకు పోతుంది, 14,500 రూపాయలు ఇవతలివాడి మెడకు చుట్టుకుంటుంది. సరుకు అమ్ముడై, డబ్బు ఖర్చై, ఏడాది గడిచాక ఒక కాగితం ముక్క కోసం కొనుగోలుదారుణ్ణి బతిమాలుకోవడం ఎలా ఉంటుందో ఈ సభలో కూర్చున్న వర్తకులను అడగండి. వాణిజ్య పన్నుల శాఖ ఉద్యోగులు కూడా ఇక్కడ ఉన్నారు. ఆ మూడేళ్లు వారికీ సుఖం లేదు.

న్యాయంగా రెండో వైపు కూడా చెప్పాలి. అంతకు ముందు హైదరాబాదులో ఒక్క డిపో పెట్టి మొత్తం రాష్ట్రానికి సరుకు తోలిన కంపెనీలు ఆ రెండు శాతం తప్పించుకోవడానికే బెజవాడ చుట్టుపక్కల గోదాములు తీసుకున్నాయి. నలుగురికి పని దొరికింది. గీత పడితే నష్టం ఒక్కటే ఉంటుందని ఎవరైనా అంటే నమ్మకండి. ఆ మేలు గోదాము ఉన్నవాడికి వచ్చింది, కీడు అప్పు మీద సరుకు పంపే చిన్న వర్తకుడికి వచ్చింది. అంతే తేడా.

2017 జులై 1న జీఎస్టీ వచ్చింది. సి-ఫారం పోయింది, పన్నుల చెక్‌పోస్టులు పోయాయి. పాత 28 నంబరు పోయి నమోదులో మనది 37, వారిది 36. అవతల కొన్నవాడు ఇవతల కట్టిన పన్నును మినహాయించుకోగలిగాడు. మన రెండు ప్రభుత్వాలు కూర్చుని తేల్చినందుకు కాదు, దేశమంతటికీ వచ్చిన మార్పులో మనకూ వచ్చింది. జీఎస్టీ వింతలు జీఎస్టీకీ ఉన్నాయి. 2022 జులైలో 25 కిలోల లోపు లేబులు బస్తా బియ్యం మీద ఐదు శాతం వేస్తే, మిల్లర్లు 26 కిలోల బస్తా తీశారు. మన జనం తెలివికి లోటు లేదు, లోటంతా పాలకుల ముందుచూపుకే.

అయితే జీఎస్టీ తాకనివే మనకు మిగిలిన గొడవలు. బండి, మద్యం, డీజిలు, వడ్లు.

బండి మాట మొదట. పాత రాష్ట్రంలో ఒక పర్మిట్టు తీసుకుంటే శ్రీకాకుళం నుంచి ఆదిలాబాదు దాకా తిరిగేవాడు మన లారీవాడు. 2015 ఏప్రిల్ 1 నుంచి ఆంధ్ర బండ్లు ప్రవేశ పన్ను కట్టాలని తెలంగాణ ఉత్తర్వు ఇచ్చింది. బస్సుల యజమానులు హైకోర్టుకెక్కారు. నేషనల్ పర్మిట్టు ఉన్న పెద్ద లారీలు ఎలాగో బయటపడ్డాయి. చిన్న లారీవాడి సంగతే అన్యాయం. గరికపాడు మనకు ఎంతో దూరం కాదు. జగ్గయ్యపేట నుంచి కోదాడకు సరుకు వేసుకుపోయేవాడు గంట ప్రయాణానికి తాత్కాలిక పర్మిట్టు తీసుకోవాలి. ఏడాదికొకసారి కొంత మొత్తం కట్టి రెండు రాష్ట్రాల్లోనూ తిరిగే సింగిల్ పర్మిట్టు ఒప్పందం చేసుకోండని లారీ యజమానులు ఏళ్ల తరబడి అర్జీలు పెడుతూ వచ్చారు. ఇది పన్ను మాఫీ అడగడం కాదు. ఒకసారి కట్టించుకోండి, దారిలో ఆపకండి అని అడగడం.

కూర్చుంటే తేలదా? తేలుతుంది. ఆర్టీసీనే చూడండి. 2020 మార్చి లాక్‌డౌనులో ఆగిన బస్సులు, మిగతా ఆంక్షలన్నీ సడలిన తరువాత కూడా రెండు రాష్ట్రాల మధ్య నడవలేదు. ఎవరు ఎన్ని కిలోమీటర్లు తిప్పాలన్న తగువు. దసరా పండక్కి జనం ప్రైవేటు బస్సులకు అడిగినంత పోశారు. చివరికి నవంబరు 2న సంతకాలయ్యాయి. మనవి 638 బస్సులు తెలంగాణలో 1,60,999 కిలోమీటర్లు, వారివి 826 బస్సులు మన దగ్గర 1,61,258 కిలోమీటర్లు. ఈ లెక్క కోసం మనవాళ్లు లక్ష కిలోమీటర్లకు పైగా వదులుకున్నారు. అది ఎక్కువా తక్కువా అని వాదించవచ్చు. కాని మర్నాటికే బస్సు కదిలింది. ఏడు నెలలు నలిగిన వ్యవహారం ఒక సంతకంతో కుదిరింది. బస్సుకు కుదిరినది లారీకి ఎందుకు కుదరదు?

ఇక వడ్లు. 2024 ఖరీఫులో తెలంగాణ ప్రభుత్వం సన్న వడ్లకు మద్దతు ధర మీద క్వింటాలుకు 500 బోనసు ఇచ్చింది. ఆ ఏడు మద్దతు ధర 2,300, గ్రేడ్-ఎ అయితే 2,320. గట్టుకు ఇవతల అదే గింజ, అవతల 500 ఎక్కువ. వడ్లు అటు పారతాయి, నీరు పల్లమెరిగినట్టు. వాళ్లు సరిహద్దులో చెక్‌పోస్టులు పెట్టి ఆపారు. మన మిత్రులు కొందరు దీన్ని పగగా చూస్తారు. మేం అలా చూడం. తమ ప్రజల పన్ను డబ్బు తమ రైతుకే దక్కాలనుకోవడం తప్పు కాదు. ఆ చోట మనమున్నా అదే చేస్తాం. కాని బోనసు కోసం వచ్చే వడ్లు వేరు, మిల్లుకు మామూలుగా అమ్ముకోవడానికి పోయే వడ్లు వేరు. లారీని చూసి ఏది ఏదో చెక్‌పోస్టు కానిస్టేబులు ఎలా చెబుతాడు? వర్తకం దేశమంతటా స్వేచ్ఛగా సాగాలని రాజ్యాంగం 301వ అధికరణం చెబుతోంది. అధికరణం గోడ మీద ఉంటుంది, లారీ రోడ్డు మీద ఆగుతుంది. కోతల సీజను ముందే రెండు పౌర సరఫరాల శాఖలు కూర్చుని, మిల్లు పేరుతో వచ్చే సరుకుకు ఏ కాగితం చాలో ప్రకటిస్తే సగం తగువు అక్కడే చస్తుంది.

మద్యం, డీజిలు సంగతి ఎక్కువ చెప్పం. ధరలో తేడా ఉన్నంతకాలం సంచుల్లో, సీట్ల కింద సరుకు దాటుతూనే ఉంటుంది. 2019 నుంచి 2024 దాకా తిరువూరు, జగ్గయ్యపేట దారుల్లో పట్టుబడిన సీసాలు మీకు గుర్తే.

కానీ 2021 మే నెల మరచిపోకూడదు. కరోనా రోగులతో హైదరాబాదు పోతున్న అంబులెన్సులను సరిహద్దులో ఆపి, ఆసుపత్రి అనుమతి కాగితం చూపమన్నారు. మే 14న తెలంగాణ హైకోర్టు ఆ ఉత్తర్వు నిలిపేసింది. అంతకు ముందు ఏడాది మార్చిలో హైదరాబాదు హాస్టళ్ల నుంచి ఇంటికొస్తున్న పిల్లలు గరికపాడు దగ్గర రాత్రంతా పడిగాపులు కాశారు. ఆ రోజు ఆపింది మన పక్షం వాళ్లే. గేటు ఎవరి చేతిలో ఉన్నా, ఎప్పుడు మూయవచ్చు, ఎన్ని గంటల ముందు చెప్పాలి, ఎవరిని ఆపకూడదు అన్నది రాసి లేకపోతే ఇలాగే ఉంటుంది.

ప్రపంచంలో ఈ చిక్కు మనకొక్కరికే రాలేదు. 2020 జనవరి 31న బ్రిటన్ యూరపు కూటమి నుంచి వైదొలిగింది. ఉత్తర ఐర్లండు బ్రిటన్‌లో భాగం, కాని దాని భూసరిహద్దు అవతల యూరపు. రెండు బజార్ల మధ్య అదొక డెల్టా అనుకోండి. భూసరిహద్దులో గేటు పెట్టకూడదని ముందే పట్టుబట్టి రాయించుకున్నారు. అందుకు బదులుగా బ్రిటన్ నుంచి వచ్చే సరుకును రేవుల్లో తనిఖీ చేయాల్సి వచ్చింది. అది నచ్చని పార్టీ ఒకటి ప్రభుత్వంలో చేరనంది, అక్కడి శాసనసభ రెండేళ్లు నడవలేదు. 2023లో విండ్సర్ ఒప్పందంతో మళ్లీ సవరించారు. అక్కడే ఉండిపోయే సరుకుకు పచ్చ వరస, యూరపులోకి దాటే సరుకుకు ఎర్ర వరస. అందరూ సంతోషంగా ఉన్నారని కాదు. అయినా సరుకు ఎక్కడికి పోతుందన్నదాన్ని బట్టి తనిఖీ ఉండాలన్న ఆ పద్ధతి మన వడ్లకు అతికినట్టు సరిపోతుంది.

2024 జూన్ 2తో ఉమ్మడి రాజధాని గడువు తీరింది. జులై 6న ఇద్దరు ముఖ్యమంత్రులు హైదరాబాదులో కూర్చుని, మిగిలిన విభజన తగువులకు కమిటీలు వేస్తామన్నారు. ఆ బల్ల మీదికి ఆస్తుల లెక్క ఎలాగూ వస్తుంది, అడిగేవాళ్లున్నారు. లారీవాడి కాగితం మనం తోస్తేనే వస్తుంది.

ఇప్పుడు మన చేతిలో ఒక సంగతి ఉంది. సముద్రం లేని తెలంగాణకు రేవు కావాలి. హైదరాబాదు నుంచి బందరు రేవుకు కొత్త రహదారి కావాలని ఆ ప్రభుత్వమే కేంద్రాన్ని కోరింది. 1802లో నిజాం అడిగిందీ ఈ రేవే. ఆ దారి మన చేల మీదుగా, ఈ కృష్ణా జిల్లాలోంచే పోవాలి. వారికి రేవు దారి, మనకు బజారు దారి. భూసేకరణ నోటీసులు రాకముందే ఈ రెండూ ఒకే కాగితం మీద రావాలని మనం అడగాలి. తరువాత అడిగితే వినేవాడుండడు.

సింగిల్ పర్మిట్టు, కోతల సీజనులో మిల్లు సరుకుకు ముందస్తు కాగితం, గేటు మూయాలంటే ముందు నోటీసు, అంబులెన్సుకు ఎప్పుడూ అడ్డు లేకపోవడం. లారీ సంఘం వారు గత ఏడాది తాత్కాలిక పర్మిట్లకు కట్టిన రశీదులు తెస్తే, విద్యార్థులు వాటిని పట్టికలో ఎక్కిస్తారు. పన్నుల శాఖలో పనిచేసి రిటైరైన ఉద్యోగులు ఇద్దరు దాన్ని అర్జీగా రాసిస్తామన్నారు. రశీదులున్నవారు సభ అయ్యాక వేదిక పక్కన ఉన్న బల్ల దగ్గరికి రండి.