సగం కటకం మూస్తే...

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంజనీరుగా నా అనుభవాలు చెప్పమని కార్యదర్శిగారు అడిగారు. అవి ఇంకోసారి చెబుతాను. ఈ రోజు, 1985-86లో ఇదే బడిలో పదో తరగతి చదువుతూ నేను చేసిన ఒక తప్పు గురించి చెబుతాను. చివర ఒక విన్నపం కూడా ఉంది.

ఆ ఏడాది మా సైన్సు మాస్టారు బాగా చదివేవాళ్ళకు తలా ఒక సహాధ్యాయిని అప్పగించారు. నా వంతుకు వచ్చిన మిత్రుడి నాన్నగారు బడీచౌడీలో తోపుబండి మీద గాజులు, రిబ్బన్లు, దువ్వెనలు, భూతద్దాలు అమ్మేవారు. బడి వదిలాక ఇద్దరం శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం దగ్గర కూర్చుని చదువుకునేవాళ్ళం. ఆరు కొట్టగానే వాడు బండి దగ్గరికి పరుగెత్తాలి. నాకేమో పాఠం త్వరగా ముగించాలని తొందర.

ఒకరోజు కుంభాకార కటకం పాఠం నడుస్తోంది. వాడు అడిగాడు: "కటకం సగం మూస్తే తెర మీద బొమ్మ ఎట్ల వస్తదిరా?" నేను క్షణం కూడా ఆలోచించలేదు. "సగమే వస్తుంది. అయినా అది పరీక్షకు రాదు. సూత్రం బట్టీ పట్టు" అన్నాను. వాడింకేం అడగలేదు. ఆ ఏడాది వాడు సైన్సులో తప్పాడు. ఇంటి పరిస్థితులు కూడా తోడై, మళ్ళీ పరీక్ష కట్టలేదు.

ఆ సంగతి నేను మరచిపోయాను. రెండేళ్ళ కిందట మా అమ్మాయి గుర్తు చేసింది. తను అమెరికాలో కొలరాడో యూనివర్సిటీ, బౌల్డర్ క్యాంపస్‌లో బీఎస్ చదువుతోంది. ఒకరోజు ఫోన్లో "నాన్నా, నాకు లెర్నింగ్ అసిస్టెంట్‌గా పని దొరికింది" అంది. ప్రొఫెసర్ల కింద పీజీ వాళ్ళు చేసే పని కదా, డిగ్రీ పిల్లకి ఎలా ఇచ్చారని అడిగాను.

అప్పుడు తను వివరంగా చెప్పింది. అక్కడ ఈ పద్ధతి 2001లో మొదలైందట. ఫిజిక్స్ మొదటి కోర్సుల్లో వందల మంది ఒకే హాల్లో కూర్చుంటారు. అంతమంది సందేహాలు ఒక్క ప్రొఫెసర్ వినలేరు. అందుకని అదే కోర్సు నిరుడో ముందటేడో పూర్తి చేసిన డిగ్రీ విద్యార్థులను ఎంచుకుంటారు. వాళ్ళు చిన్నచిన్న గుంపుల మధ్య తిరుగుతూ మాట్లాడిస్తారు. ప్రతి వారం ప్రొఫెసర్‌తో కూర్చుని రాబోయే పాఠం ముందుగా తయారవుతారు. బోధన ఎలా చేయాలో నేర్పే ఒక తరగతికీ వెళతారు. మార్కులు వేయడం వాళ్ళ పని కాదు. ఈ పని చేసినవాళ్ళలో కొందరైనా రేపు బడుల్లో సైన్సు టీచర్లు కావాలన్నది దీని వెనక ఉన్న ఒక ముఖ్యోద్దేశం.

"అయితే ఏం నేర్పావమ్మా?" అన్నాను. "మేం జవాబు చెప్పం నాన్నా, అడుగుతాం. నువ్వు చెప్పు: కటకం సగం మూస్తే బొమ్మ ఎలా వస్తుంది?" అంది.

ఇంతకాలం ఇంజనీరుగా పనిచేసిన నేను మళ్ళీ "సగమే" అన్నాను!

తను నవ్వలేదు, తప్పు అని కూడా అనలేదు. "ఎందుకు అనుకుంటున్నావు? దీపం కొసనున్న ఒక్క బిందువునే తీసుకో. దాని నుంచి వచ్చే కిరణాలు కటకం మీద ఎక్కడెక్కడ పడతాయి?" అని అడిగింది. కటకమంతా పడతాయి. పై సగం మీద పడ్డవీ, కింది సగం మీద పడ్డవీ వంగి అదే చోట కలుస్తాయి. కాబట్టి సగం మూసినా బొమ్మ పూర్తిగానే వస్తుంది, వెలుతురు మాత్రం తగ్గుతుంది. కొవ్వొత్తి, భూతద్దం తెచ్చి గోడ మీద చూశాను. నిజమే. ఈ ప్రశ్నకు యూనివర్సిటీ విద్యార్థులు కూడా చాలామంది నాలాగే జవాబిస్తారని లిలియన్ మెక్‌డెర్మాట్ బృందం వాషింగ్టన్ యూనివర్సిటీలో 1980లలోనే గుర్తించింది.

పిల్లలే పిల్లలకు నేర్పడం మనకు కొత్త కాదు. 1822లో మద్రాసు గవర్నర్ థామస్ మన్రో బడుల లెక్కలు పంపమని కలెక్టర్లను ఆదేశించారు. 1823లో బళ్ళారి కలెక్టర్ క్యాంప్‌బెల్ తన జిల్లాలోని 533 బడుల గురించి రాశారు. వాటిలో 226 తెలుగు బడులు. పెద్ద పిల్లలు చిన్నవాళ్ళకు చెబుతూ తమ చదువునూ గట్టిపరచుకునే పద్ధతిని ఆయన మెచ్చుకున్నారు. అదే నివేదికలో, పిల్లలు అర్థం తెలియకుండా వల్లె వేస్తున్నారని బాధపడ్డారు కూడా. ఆ మంచీ ఆ లోటూ రెండూ నాలో ఉన్నాయి. ఇవాళ గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో బీటెక్ పిల్లలే టీచింగ్ అసిస్టెంట్లుగా పనిచేస్తున్నారు. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి వెళ్ళి చూడండి, పోటీ పరీక్షల పిల్లలు చెట్ల కింద ఒకరికొకరు చెప్పుకుంటూ ఉంటారు. నేర్చుకోవాలన్న కోరిక మన దగ్గర కావలసినంత ఉంది. ఎలా చెప్పాలో, ఎలా వినాలో నేర్పడమే లోటు.

ఈ సభ కోసం పాత మిత్రులను వెతుకుతుంటే ఆయన ఫోన్ నంబరు దొరికింది. ఇప్పుడు సుల్తాన్ బజార్‌లోనే సొంత దుకాణం ఉంది. కలిసి, కటకం సంగతి చెప్పి, క్షమించమన్నాను. ఆయన నవ్వి ఇలా అన్నాడు: "నువ్వు చెప్పిన రాత్రే బండి మీది పెట్రోమాక్స్ ముందు భూతద్దం పెట్టి, సగం మూసి, తెల్ల గుడ్డ మీద చూసిన. బొమ్మ మొత్తం వచ్చింది. నీకు చెబుదామంటే నువ్వు క్లాస్ ఫస్టు. నేనే ఏదో తప్పు చేసిన అనుకున్న."

ఆ మాట విన్నాక కాసేపు నాకు నోట మాట రాలేదు. ఆ రోజు మా ఇద్దరిలో ప్రయోగం చేసి చూసినవాడు ఆయన. మర్నాడు "నీకేం తోచిందిరా?" అని నేను ఒక్క మాట అడిగి ఉంటే ఆయన చెప్పేవాడు, నేను నేర్చుకునేవాణ్ణి. ఆయన అనుమతితోనే ఇదంతా మీ ముందు చెబుతున్నాను. పేరు మాత్రం వద్దన్నాడు.

ఇక నా విన్నపం. మన బడిలో చదివి ఇప్పుడు డిగ్రీ, ఇంజనీరింగ్ చేస్తున్న పిల్లలను ఆరుగురిని ఎంచుకుందాం. ప్రతి శనివారం వాళ్ళు ఎనిమిది, తొమ్మిది తరగతుల సైన్సు పిల్లలతో కూర్చోవాలి. ముందుగా మాస్టారితో గంటసేపు తయారీ ఉండాలి. మాస్టారి స్థానంలో కాదు, మాస్టారికి తోడుగా వాళ్ళు పనిచేయాలి. దారి ఖర్చులకు, ఒక చిన్న వేతనానికి స్వర్ణోత్సవ నిధి నుంచి కొంత కేటాయించమని కమిటీని కోరుతున్నాను. మొదటి ఏడాది లోటు నేను భరిస్తాను. కటకాలు, కొవ్వొత్తులు నా మిత్రుడు ఇస్తానన్నాడు.

ఒక్క నియమం పెడదాం. పిల్లవాడు తనకు తోచింది పూర్తిగా చెప్పేదాకా మనవాళ్ళు జవాబు చెప్పకూడదు.